తల్లిని చూస్తానన్న ఆర్డిస్

ఆర్డిస్ హౌగెన్ పిరికిది. ఈ మాట నేను చాటుగా అనడం లేదు. పక్కపక్క ఇళ్ళలో కాపురాలు చేస్తూ ఏళ్ళ తరబడి ఆమె మొహం మీదే అంటున్నాను, ఆమె ఏనాడూ కాదనలేదు. మంచు మీద జారిపడతానని భయం. పెద్ద రోడ్డు మీద కారు నడపాలంటే భయం. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. మా టోర్విక్ బడి వంటగదిలో పనిచేసినన్నాళ్ళూ ఏ పిల్లాడి గొంతులో ఏం అడ్డం పడుతుందోనని, వాళ్ళు తిని లేచేదాకా తను ముద్ద మింగేది కాదు. వీటన్నిటినీ మించిన భయం ఇంకొకటుంది. ఎదుటి మనిషి నొచ్చుకుంటారేమోనన్న భయం. ఎండిపోయిన కేకు పెట్టినా "అబ్బ, ఎంత బాగుందో" అంటూ రెండో ముక్క అడిగి తినే రకం.

మిన్నెసోటాలో మా వైపు ఈ జబ్బు అందరికీ కాస్తో కూస్తో ఉన్నదే. ఎవరైనా కాఫీ తాగమంటే మొదటిసారి వద్దంటాం. రెండోసారీ వద్దంటాం. మూడోసారి వద్దంటూనే కప్పు అందుకుంటాం. మొదటిసారే ఔనన్నవాడు మొహం వాచినవాడి కింద లెక్క. ఇంటికి వస్తామంటే కూడా అంతే, "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అని మూడుసార్లు వారిస్తాం, వాళ్ళు వచ్చేసరికి బల్ల మీద పలహారం సిద్ధంగా ఉంటుంది. ఎవరైనా నిజంగా వద్దంటున్నారా, మర్యాదకి వద్దంటున్నారా అన్నది ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పకుండానే తెలుస్తుందని మేమనుకుంటాం. అది ఎంత అబద్ధమో ఆర్డిస్ కుక్కని తెచ్చుకోబోయిన ఏడాది గానీ నాకు తెలిసిరాలేదు.

భర్త వెండెల్ పోయాక ఆ ఇంట్లో ఆమెని నిలబెట్టింది ఫ్రిట్జ్ అనే ముసలి కుక్క. ఊరి చివర ఇల్లు, అవతల అంతా మొక్కజొన్న పొలాలు, ఎప్పుడూ గాలి. ఏ చప్పుడుకి భయపడాలో, ఏ చప్పుడుకి అక్కర్లేదో ఆమె ఫ్రిట్జ్ చెవుల్ని చూసి తెలుసుకునేది. అది తల ఎత్తకపోతే గాలి. చెవి నిక్కితే పోస్టు బండి. ఆ ఏడాది కోతల కాలంలో ఫ్రిట్జ్ వయసు మీదపడి పోయింది. ఇక ఆర్డిస్‌కి అన్ని చప్పుళ్ళూ ఒకటే అయిపోయాయి. అల్లిక సంచి పట్టుకుని పొద్దున్నే మా ఇంటికొచ్చి కూర్చునేది, పొద్దుగూకినా లేచేది కాదు. మనిషి సగమైపోయింది.

"ఇల్లు అమ్మేసి ఆ వృద్ధుల హోంలో చేరిపోతాను లవోన్, అక్కడైతే పక్క గదిలో మనిషి ఉంటుంది" అంది ఒకరోజు.

నాకు గుండె గుభేల్మంది. ఆర్డిస్ లేని పక్కిల్లు నేను ఊహించుకోలేను. "హోమూ లేదు గీమూ లేదు. ఇంకో కుక్కని తెచ్చుకో. దానికింత ఏడుపెందుకు?" అని కసిరాను.

అలా మొదలైంది వెతుకులాట. మొదట జిల్లా జంతువుల షెల్టర్‌కి ఫోన్ చేసింది. వాళ్ళు కుక్కని ఇచ్చే ముందు ఇంటికి వచ్చి చూసి పోతామన్నారట. ఫోన్ పెట్టేసరికి ఆమె మొహం ఎర్రబడిపోయింది. "మా ఇల్లు చూస్తారట! నేనేదో కుక్కల్ని కొట్టుకు తినేదాన్నయినట్టు!" తర్వాత సరస్సుల వైపు మార్గిట్ అని స్పానియల్ కుక్కల్ని పెంచే ఒకావిడ ఉందని ఎవరో చెప్పారు. ఆవిడైతే ఇంకా మేలు. పోలీసులా ప్రశ్నలట. మీ వయసెంత? మీరు ఆసుపత్రిలో పడితే దాన్నెవరు చూస్తారు? పెరటికి కంచె ఉందా? పోయిన కుక్క ఏ జబ్బుతో పోయింది, దానికి వైద్యం చేయించారా? అన్నీ అడిగి, ఇప్పుడు పిల్లలు లేవు, వచ్చే ఏడాది వేసవిలో పుడతాయేమో, ముందు ఒకసారి వచ్చి తల్లిని చూసి వెళ్ళండి, అప్పుడాలోచిద్దాం అందట.

"ఎంత పొగరే ఆవిడకి! మనం కొంటామంటుంటే ఆలోచిద్దామంటుందా?" అన్నాను నేను. నాకు నిజంగానే ఒళ్ళు మండింది.

"నేను చచ్చిపోతానేమోనని అడిగింది లవోన్" అంది ఆర్డిస్, కళ్ళలో నీళ్ళు తిప్పుకుంటూ.

మూడోది కార్లీన్ స్ట్రోబెల్. కిరాణా కొట్టు గోడ మీద ప్రకటన చూసి ఫోన్ చేస్తే, ఆ గొంతు తేనె. "అయ్యో, మీ కుక్క పోయిందా? ఎంత కష్టమండీ పాపం" అంటూ ఆవిడే ముక్కు చీదిందట. స్పానియల్ పిల్లలున్నాయి, ఎప్పుడంటే అప్పుడు తీసుకోండి. వేరే రకాలు కావాలన్నా ఉన్నాయి. మీరంత దూరం రావడమెందుకు, శనివారం మా ఆయనే పెద్ద రోడ్డు మీద పెట్రోలు బంకు దాకా తెచ్చి మీ చేతికిస్తాడు. మా దగ్గర ఎవరికైనా ఏదైనా అమ్మినా, కొన్నా, ఇలా సగం దూరం ఎదురెళ్ళడం మంచితనం. నేను కూడా "చూశావా, మనిషంటే అలా ఉండాలి" అన్నాను.

కానీ ఆర్డిస్‌కి పెద్ద రోడ్డంటే భయమని చెప్పాను కదా. లారీల మధ్య ఆ బంకులోకి తిరగడం తన వల్ల కాదు. నేను నడుపుతానన్నా ఒప్పుకోలేదు, పక్క సీట్లో కూర్చున్నా భయమే. అందుకని మళ్ళీ ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"మేమే మీ పొలానికి వస్తామండీ."

"వద్దండీ, మట్టిరోడ్డు, మీ కారు పాడైపోతుంది."

"ఫర్వాలేదండీ, మెల్లగా వస్తాం."

"వద్దండీ, ఇల్లంతా చిందరవందరగా ఉంది."

"మా ఇల్లు మాత్రం ఏం వెలిగిపోతోందండీ!"

"నిజంగా వద్దండీ, మీకు శ్రమ."

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి మెచ్చుకోలుగా తల ఊపింది. "ఎంత మర్యాదస్తురాలో! మూడుసార్లు వద్దంది. మనం వెళ్తే ఏదో ఒకటి చేసి పెట్టాలని మొహమాటం, పాపం. శనివారం పెందలాడే మనమే వెళ్ళి వాళ్ళకి ఆ బంకు ప్రయాణం తప్పిద్దాం." లూథరన్ చర్చి దాటాక ఎడమవైపు అని కార్లీన్ మొదటి ఫోన్‌లోనే మాటల మధ్య అనేసింది కాబట్టి దారి వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది.

వెళ్ళాం. కోతలయిపోయి పొలాలన్నీ బోడిగా ఉన్నాయి, మంచు ఇంకా పడలేదు. ఇల్లు తెల్లగా ముచ్చటగానే ఉంది. వెనక పొడుగాటి రేకుల షెడ్డు. దానికి ఒక్క కిటికీ లేదు. కారు దిగగానే నాకు వింతగా అనిపించింది, ఏమిటా అని ఒక క్షణం ఆలోచించాను. కుక్కలమ్మే ఇల్లు. ఒక్క మొరుగు లేదు.

తలుపు తీసిన కార్లీన్ మొహం తెల్లబోయింది. మరుక్షణంలో నవ్వు తెచ్చుకుంది. "అయ్యో, వచ్చేశారా! రండి రండి." కాఫీ పోసింది. మేం రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకున్నాం. లోపలికెళ్ళి బట్టల బుట్టలో పిల్లల్ని తీసుకొచ్చింది. అప్పుడే స్నానం చేయించినట్టున్నారు, సబ్బు వాసన గుప్పుమంది. ఆ వాసన కింద ఇంకో వాసన ఉంది. కళ్ళు మండించే వాసన. దాల్చినచెక్క రంగు పిల్ల ఒకటి, ముందుకాలు ఒకటి తెల్లగా, ఆర్డిస్ చొక్కా చేతిని నోట కరుచుకుని అలాగే ఒళ్ళో నిద్రపోయింది. ఇన్నాళ్ళకి ఆ మొహంలో ప్రాణం లేచొచ్చింది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

"దీన్ని తీసుకుంటామండీ" అన్నాను నేనే.

"తీసుకెళ్ళండి తీసుకెళ్ళండి" అంది కార్లీన్. మా గురించి ఆవిడ ఒక్క మాట అడగలేదు. మేమెవరం, ఎక్కడుంటాం, దీన్ని కట్టేస్తామా, కొడతామా, ఏమీ లేదు. పాత కుర్చీ అమ్మేవాళ్ళు కూడా ఇంట్లో ఎక్కడ వేసుకుంటారని అడుగుతారు.

"తల్లికి ఒకసారి నా చెయ్యి చూపించి వస్తానండీ" అంది ఆర్డిస్.

ఇది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. పొలంలో పెరిగిన పిల్ల కదా. పక్కవాళ్ళ కుక్క ఈనితే, పిల్లని తెచ్చుకునే ముందు వాళ్ళ నాన్న ఆమె చేతిని తల్లికుక్క ముక్కు దగ్గర పెట్టించేవాడట. అది వాసన చూసి ఊరుకుంటే పిల్ల మనది. గుర్రుమంటే ఇంకొన్నాళ్ళు ఆగాలి. ఫ్రిట్జ్‌నీ అలాగే తెచ్చుకుంది.

"వద్దండీ, షెడ్డు దగ్గరంతా బురద" అంది కార్లీన్.

"బూట్లేసుకునే వచ్చానండీ."

"వద్దండీ, అది పడుకుంది."

"లేపనండీ. ఇలా చెయ్యి పెట్టి అలా వచ్చేస్తాను."

"వద్దండీ. అది కొత్తవాళ్ళని కరుస్తుంది." ఆవిడ నవ్వు మొహం మీదే ఉంది గాని గొంతులోంచి తేనె పోయింది.

నేను ఆర్డిస్‌ని చూశాను. ఫోన్‌లో విన్న మూడు వద్దులూ, ఇప్పుడు విన్న మూడు వద్దులూ ఆమె పక్కపక్కన పెట్టుకుంటున్నట్టు కనబడుతూనే ఉంది.  నాలుగోసారి అడగడమన్నది మా దగ్గర లేదు. నేనైనా అడగను.

"చూస్తానండీ" అంది ఆర్డిస్. పిల్లని నా ఒళ్ళో పెట్టి లేచి, పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను పిల్లతో సహా వెనకే పరిగెత్తాను. షెడ్డు తలుపు దగ్గర కార్లీన్ భర్త డెల్మార్ నిలబడి ఉన్నాడు. కొండలాంటి మనిషి. ఆర్డిస్ వణుకుతూనే అతని పక్కనుంచి చెయ్యి చాపి గొళ్ళెం తీసింది. అతను ఆపలేదు. ఆ వయసు ఆడమనిషి అలా చేస్తుందని అతనికి తట్టి ఉండదు.

లోపల దీపం ఒకటే ఉంది. తీగల బోనులు ఒకదాని మీద ఒకటి, ఆ చివరిదాకా. కింద నేల లేదు, కాళ్ళ కింద కూడా తీగలే. పై బోనులో మురికి కింది బోనులో పడుతోంది. మమ్మల్ని చూసి కుక్కలన్నీ ఒక్కసారిగా నోళ్ళు తెరిచాయి. మొరుగుతున్నాయి, కానీ చప్పుడు రావడం లేదు. గాలి మాత్రం వస్తోంది, గొంతు పోయిన మనుషులు మాట్లాడబోయినట్టు. మొరుగు బయటికి వినబడకుండా వాటి గొంతులో నరాలు కోయించేశారని తర్వాత తెలిసింది.  నేను గుమ్మం దాటలేకపోయాను.

ఆర్డిస్ దాటింది. దాల్చినచెక్క రంగు కుక్క ఉన్న బోను ముందు ఆగింది. పొట్ట వేలాడుతోంది. చెవుల బొచ్చు అట్టలు కట్టింది. గోళ్ళు పెరిగి లోపలికి తిరిగాయి. ఆర్డిస్ తీగల సందులో చెయ్యి పెట్టింది. ఆ కుక్క కరవలేదు. గుర్రుమనలేదు. వెనక్కి, వెనక్కి, ఇక జరగడానికి చోటు లేనంత వెనక్కి పోయి గోడకి అతుక్కుని, రెప్ప వెయ్యకుండా ఆ చేతిని చూస్తూ గజగజ వణికింది. ఆర్డిస్ చాలాసేపు అలాగే నిలబడింది. అది రాలేదు. 

బయటికొచ్చి నా చేతుల్లోంచి పిల్లని తీసుకుని కార్లీన్ చేతుల్లో పెట్టింది. "తల్లి ఒప్పుకోలేదండీ. క్షమించండి" అంది.

మేం తిరిగి చూసేసరికి డెల్మార్ తన ట్రక్కుని మా కారు వెనకే, బంపర్ తగిలేంత దగ్గరగా తెచ్చి పెట్టాడు. దిగి దానికి ఆనుకుని నిలబడ్డాడు. మా దగ్గర బెదిరింపులు కూడా మర్యాదగానే ఉంటాయి. "మీరు హౌగెన్ గారు కదూ? టోర్విక్‌లో ఊరి చివర పసుప్పచ్చ ఇల్లు. ఒక్కరే ఉంటారు కదా" అన్నాడు. మా వైపు ఎవరిల్లు ఎక్కడో అందరికీ తెలిసిందే. "చలికాలం వస్తోంది. జాగ్రత్తగా ఉండండి." అని చాలా నెమ్మదిగా, కావాలని నెమ్మదిగా, ట్రక్కు తీశాడు.

చర్చి దాటగానే నేను అందుకున్నాను. ఇక ఆగలేదు.

"ఆ పిల్లని ఎందుకొదిలేశావే? చేతిలో పెట్టారు కదా! ఆ నరకంలోంచి ఒక్కదాన్నయినా లాగేవాళ్ళం కదా!"

"పిల్లని మనం కొంటే, ఆ బోనులో తల్లికి మళ్ళీ కాన్పు చేయిస్తారు."

"కొనకపోతే చేయించరా? ఎవడో ఒకడు కొంటాడు."

"ఆ ఎవడో నేను కాను."

"నీకు రాయి లాంటి గుండె."

 ఆర్డిస్ చొక్కా చేతి మీద పిల్ల పళ్ళు పెట్టిన తడి ఇంకా ఆరలేదు, దాన్ని రెండో చేత్తో మూసి పట్టుకుని ఇంటిదాకా అలాగే కూర్చుంది.

సోమవారం మా వంటింట్లోంచి జిల్లా పోలీసులకి, షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేసింది. పిజ్జా కావాలని ఫోన్ చెయ్యడానికి కూడా నన్ను బతిమాలే మనిషి. నిలబడే మాట్లాడింది. "మీకు పని అడ్డుపెడుతున్నానండీ" అని ఎన్నిసార్లందో. అన్నీ విన్నాక ఫోన్ ఎత్తినతను, పేరు చెప్పనక్కర్లేదండీ, చాలామంది చెప్పరు అన్నాడట. ఈ మహాతల్లి పేరు, ఇంటి పేరు, వీధి, అన్నీ చెప్పింది. నేను తల పట్టుకున్నాను.

"పేరు చెప్పకుండా ఒకరి మీద మాట చెప్పడం ఏం మర్యాదే?" అంది.

ఆ మర్యాద ఖరీదు వారంలోపే తెలిసింది. చెప్పిన పేరు ఎలాగో బయటికి పొక్కినట్టుంది, డెల్మార్ ట్రక్కు మా వీధిలోకి రావడం మొదలుపెట్టింది. అతనికి మా ఊళ్ళో ఏం పని? ఆర్డిస్ ఇంటి ముందుకొచ్చేసరికి నడకంత నెమ్మదవుతుంది. మా వైపు దారిలో ఎవరు ఎదురైనా స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తాం, శత్రువైనా సరే. అతనూ ఎత్తేవాడు. కిటికీలో ఆర్డిస్ కనబడితే ఆ వేలు అలాగే ఎత్తి ఉంచి, ఇల్లు దాటేదాకా దించేవాడు కాదు. ఆమె అలవాటుకొద్దీ తిరిగి చెయ్యి ఊపేసి, తర్వాత బాత్రూములోకెళ్ళి వాంతి చేసుకునేది. ఇంట్లో కుక్క లేదు, మనిషి లేదు. నేను వచ్చి పడుకోమంటే, నీ ఇంటిమీదికి కూడా తేనా అని రాలేదు. నాకూ భయంగానే ఉండేది, దాచుకోవడమెందుకు. రెండోసారి పిలవలేదు నేను.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ ముందు షెరీఫ్ మనుషులు ఒక పశువైద్యుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి ఆ షెడ్డు తెరిచారు. కుక్కలన్నిటినీ షెల్టర్‌కి తరలించారు. డెల్మార్‌కి జరిమానా, ఇక కుక్కల్ని పెంచడానికి వీల్లేదని కోర్టు ఆజ్ఞ. ఆర్డిస్ ఆ కబురు వినగానే కోటు తొడుక్కుని నన్ను బయల్దేరదీసింది. షెల్టర్‌లో ప్రతి గదీ వెతికింది. తెల్లకాలు పిల్ల లేదు. అక్కడ పనిచేసే టెస్ అనే అమ్మాయి కనుక్కుని చెప్పింది. మేం వెళ్ళొచ్చిన తర్వాతి శనివారమే, బుట్టలో ఉన్నవన్నీ పెట్రోలు బంకు దగ్గర చేతులు మారిపోయాయట. ఎవరు కొన్నారో డెల్మార్‌కే తెలియదు. పిల్లలన్నిటికీ పేగుల జబ్బు ఉండి ఉంటుందని, ఎన్ని బతికాయో చెప్పలేమని టెస్ అంది.

ఆర్డిస్ అక్కడే బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది. "నా ఇంట్లో ఉంటే బతికేదేమో" అంది. నేను పక్కన కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాను. ఔననాలనిపించింది. ఇప్పటికీ ఆ విషయంలో ఆమె చేసింది ఒప్పని నా బుద్ధి అంటుంది గాని, నా మనసు ఒప్పుకోదు. నా చేతుల్లో ఉన్న పిల్ల అది. దాని పొట్ట వెచ్చగా ఉండేది.

తల్లి మాత్రం ఉంది, చివరి గదిలో, గోడకి మొహం పెట్టి.

"దీన్ని తీసుకెళ్తానండీ" అంది ఆర్డిస్ కళ్ళు తుడుచుకుని.

"ఇది మీ ఒళ్ళోకి ఎప్పటికీ రాకపోవచ్చు. మెట్లంటే భయం, మనిషంటే భయం, తలుపంటే భయం. మీకు తోడు కాదండీ, ఇంకో బాధ్యత. బాగా ఆలోచించుకోండి" అంది టెస్. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. వయసు, కంచె, ఆసుపత్రి, అన్నీ. ఆ మార్గిట్ అడిగినవే. ఈసారి ఆర్డిస్ నొచ్చుకోలేదు, ప్రతిదానికీ నెమ్మదిగా జవాబు చెప్పింది. ఆసుపత్రి మాట వచ్చినప్పుడు నావైపు చూసింది. నేను తల ఊపాను. వాళ్ళు ఇంటికొచ్చి కంచె కదిపి చూసి, పెరట్లో ఎలుకల మందుందా అని అడిగి, క్రిస్మస్ అయ్యాక గాని దాన్ని ఇవ్వలేదు. నెల్ అని పేరు పెట్టింది. ఆ పేరుకి అది ఎన్నడూ తల తిప్పలేదు.

నెల్ బట్టలుతికే మెషిన్ వెనక దూరింది. ఎవరూ లేనప్పుడే తినేది. ఫ్రిజ్ గుర్రుమన్నా, పైకప్పు మీంచి మంచు జారినా వణికిపోయేది. చప్పుడైతే ఆర్డిస్ దానివైపు చూసేది, అది ఆర్డిస్ వైపు చూసేది, ఇద్దరూ బిక్కచచ్చిపోయేవాళ్ళు.

"నువ్వు కుక్కని తెచ్చుకోలేదే, ఇంకో ఆర్డిస్‌ని తెచ్చుకున్నావు" అన్నాను.

ఆమె నవ్వింది. వృద్ధుల హోం మాట మళ్ళీ ఎత్తలేదు గాని, ట్రక్కు చప్పుడు వింటే చేతిలో ఏమున్నా కింద పడేసేది. చలికాలమంతా డెల్మార్ అలా వస్తూ పోతూనే ఉన్నాడు. షెరీఫ్‌కి చెబితే, రోడ్డు అందరిదీ అన్నారు.

మంచు కరిగిన రోజుల్లో ఒకనాటి పొద్దున నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. ట్రక్కు వచ్చింది. ఈసారి దాటిపోలేదు. ఆర్డిస్ ఇంటి దారిలోకి తిరిగి ఆగింది. డెల్మార్ దిగాడు. నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.  ఫోన్ లోపలుంది, అక్కడికి పోవాలన్నా కాళ్ళు కదలలేదు. అతను మెట్ల దాకా వచ్చేసరికి ఆర్డిస్ తలుపు సగం తీసి గుమ్మంలో నిలబడింది.

"నమస్కారమండీ హౌగెన్ గారూ. ఎండ బాగా కాస్తోంది."

"కాస్తోందండీ" అంది ఆర్డిస్ సన్నగా.

"మంచు ఈసారి తొందరగా పోయింది."

"పోయిందండీ."

"మా కుక్క మీ దగ్గరుందని విన్నాను. ఒకసారి చూసి పోదామని."

"వద్దండీ."

"ఒక్క నిమిషం. గుమ్మంలోంచే చూస్తాను."

"వద్దండీ."

"అది పుట్టింది నా చేతుల మీదండీ. చూడ్డానికి కూడా నోచుకోలేదా?"

"వద్దండీ."

అతను నవ్వాడు. మూడు అయిపోయాయి కదా. ఈ వైపు పుట్టినవాడే, ఆమె ఎలాంటి మనిషో ఊరంతటికీ తెలుసు. తాపీగా మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"వద్దన్నాను" అంది ఆర్డిస్.

అరవలేదు. కానీ నాకు కంచె ఇవతలికి వినబడింది. అతను కాలు తియ్యకుండా ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఒక్క అంగుళం వెనక్కి జరిగినా లోపలికి వెళ్ళేవాడే, నేను ప్రమాణం చేసి చెబుతాను. ఆమె జరగలేదు. గాలికి ఆమె గౌను కొట్టుకుంటోంది, గుమ్మం పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి. గుమ్మంలోకి వచ్చిన మనిషిని కాఫీ తాగమని ఆమె అడగకపోవడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం.

"మీరు మర్యాదస్తులనుకున్నానండీ" అన్నాడు చివరికి.

"నేనూ అలాగే అనుకున్నానండీ" అంది.

అతను కాలు తీశాడు. ట్రక్కు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఈసారి వేలు ఎత్తలేదు.

అప్పుడొచ్చాయి నా కాళ్ళకి ప్రాణాలు. కంచె గేటు తోసుకుని పరిగెత్తాను. ఆర్డిస్ ఇంకా అలాగే గుమ్మంలో నిలబడి ఉంది, చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఒసే ఆర్డిస్! ఇంత ధైర్యం ఎక్కడిదే నీకు? కాస్త వెనక్కి జరిగి తలుపేసుకోక, అలా రాయిలా నిలబడతావా?"

"ధైర్యమా?" అంది పళ్ళు టకటకలాడుతుంటే. "వెనక్కెలా జరగనే? చూడు."

తలుపు సందులోంచి తొంగిచూశాను. నెల్ మెషిన్ వెనక లేదు. ఆర్డిస్ మడమలకి అతుక్కుపోయి, ఆమె గౌను అంచు కింద తల దూర్చి, ఒళ్ళంతా వణుకుతూ పడుకుని ఉంది.